బొమ్మ చూసి కట్టిన బాణీ: విన్నాక ఏం చెప్పాలి

రాత్రి పదిన్నర దాటాక నా ఫోన్ మోగిందంటే అది మా మేనల్లుడే. బీటెక్ మూడో సంవత్సరం. పగలు కాలేజీ, రాత్రి లాప్‌టాప్, చెవులకు హెడ్‌ఫోన్లు. మొన్న వానాకాలంలో ఒక రాత్రి వాట్సాప్‌లో ఒక ఆడియో ఫైలు, దాని కింద ఒక ఫొటో, ఆ కింద ఒక్కటే లైను: "అత్తా, చేర్యాల పటం చూసి చేసిన. ఎట్లుందో చెప్పు."

చేర్యాల పటం అంటే కథ చెప్పడానికి బట్ట మీద రాసే పొడవాటి చుట్ట బొమ్మ. వాడు పంపింది 6 నిమిషాల 40 సెకన్ల బాణీ. మాటలు లేవు, పాడే గొంతు లేదు. కీబోర్డు, ఏదో తోలు వాద్యం, వెనకాల మగ్గం చప్పుడు.

కొన్నేళ్ల కిందటైతే ఏం చేసేదాన్నో నాకు బాగా తెలుసు. సగం విని, "సూపర్‌రా నాన్నా" అని రాసి, బొటనవేలు బొమ్మ పెట్టి పడుకునేదాన్ని. వాడు అదే ఫైలు ఇంకో పదిమందికి పంపుతాడు, పది సూపర్లు వస్తాయి, బాణీ ఉన్నచోటే ఉంటుంది.

నేను హన్మకొండలో మా ఇంటి పైగదిలో పాతికేళ్లుగా వయొలిన్ నేర్పుతున్నాను. వర్ణమో కృతో వాయించి వినిపిస్తే తప్పొప్పులు చెప్పడం కష్టం కాదు. అందరికీ తెలిసిన పాఠం ఒకటుంది, దాని పక్కన పెట్టి చూస్తే చాలు. సొంతంగా కట్టినదానికి అలాంటి పాఠం లేదు. పైగా అది ఒక బొమ్మలోంచి పుట్టిందంటే మన ముందు రెండు వస్తువులుంటాయి, ఒకటి కంటికి, ఒకటి చెవికి. ఇక్కడే తికమక మొదలవుతుంది. కొందరు బొమ్మను పొగిడి ఊరుకుంటారు. కొందరు బొమ్మ సంగతే మరిచి రాగం, తాళం, మిక్సింగ్ అంటూ లెక్కలు తీస్తారు. నేను రెండూ చేశాను, రెండింటికీ చీవాట్లు తిన్నాను. ఇప్పుడు చేసే పద్ధతి ఇది.

బొమ్మను కాసేపు పక్కన పెట్టండి

ఫొటో వచ్చినా తెరవకండి. మొదటిసారి ఒట్టి సంగీతంగా వినండి. బొమ్మ ముందే చూస్తే చెవి దానికి లొంగిపోతుంది. అందులో పులి ఉందని తెలిశాక ప్రతి బరువైన శబ్దమూ పులిలాగే వినపడుతుంది. బాణీలో లేనిదాన్ని బొమ్మలోంచి అరువు తెచ్చి మనమే నింపేసుకుని, "భలే, కళ్లకు కట్టినట్టుంది" అంటాం. కళ్లకు కట్టింది ఫొటో.

రష్యాలో ముస్సోర్‌గ్‌స్కీ అనే ఆయన 1874లో, అంతకు ముందు ఏడాది చనిపోయిన తన స్నేహితుడు హార్ట్‌మన్ బొమ్మల ప్రదర్శన చూసొచ్చి, పది బొమ్మలకు పియానో మీద బాణీలు కట్టాడు. ఆ బొమ్మల్లో చాలావాటి జాడ ఇవాళ లేదు. బాణీలను మాత్రం ఇప్పటికీ వాయిస్తున్నారు, 1922లో ఫ్రెంచ్ సంగీతకర్త రావెల్ వాటిని ఆర్కెస్ట్రాకు మలిచాక ఇంకా ఎక్కువమంది విన్నారు. బొమ్మ పోయినా బాణీ నిలబడుతుందా అన్నది మనం మొదటి వినికిడిలోనే తేల్చుకోవాలి. రెండోసారికి ఆ అవకాశం పోతుంది, ఎందుకంటే ఈలోగా ఎలాగూ ఫొటో తెరుస్తాం. నేను మాత్రం ఆగగలనా?

ఇంకో చిన్న సంగతి. ఫోన్ స్పీకర్‌లో వినకండి. కింది స్థాయి శబ్దాలు దాదాపు మాయమైపోతాయి. ఒకసారి ఓ కుర్రాడి ట్రాకులో "బేస్ అసలు లేదు" అని తీర్పు చెప్పాను. ఉంది, నా ఫోన్‌లో లేదు. మామూలు ఇయర్‌ఫోన్లయినా చాలు. కూరలు తరుగుతూ వినొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

మొదటిసారి కాగితం పట్టుకోవద్దు. రెండోసారి పట్టుకోండి, పక్కన టైము వేసుకుంటూ, ఆ క్షణాన మీకేమైందో రాయండి. తీర్పు రాయొద్దు. ఆ రాత్రి నేను రాసుకున్నది ఉన్నదున్నట్టు:

0:00 – మగ్గం. నిజం మగ్గమే. చెవి నిక్కింది.
1:12 – వయొలిన్ (కీబోర్డుది).
1:50 – అదే వరుస మళ్లీ. మళ్లీ.
2:30 – పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి.
3:05 – గర్జన! నవ్వొచ్చింది. నవ్వాలనే పెట్టాడా?
4:10 – అబ్బ. ఏమైందిక్కడ?
5:00 నుంచి – అన్నీ ఒకేసారి. ఏదీ విడిగా వినపడటం లేదు.
6:25 – మెల్లగా తగ్గిపోయింది. అయిపోయిందా?

ఇందులో సంగీతం చదువుకుంటే తప్ప రాయలేని మాట ఒక్కటీ లేదు. "నాకు సంగీతం రాదండీ, నేనేం చెబుతాను" అనేవాళ్లు ఈ కాగితం చూడాలి. అన్నిటికంటే పనికొచ్చేది 2:30 దగ్గరి పాలు. మనసు ఎక్కడ పక్కకు పోయిందో కట్టినవాడికి ఎప్పటికీ తెలియదు, వాడు ఆ ముక్కను రెండొందల సార్లు విని ఉంటాడు. అది చెప్పగలిగేది బయటివాళ్లే.

బాగున్నచోటును కూడా అంతే పట్టుగా తవ్వాలి. 4:10 దగ్గర "అబ్బ" ఎందుకొచ్చిందో తెలియడానికి నాకు మూడుసార్లు వినాల్సి వచ్చింది. అంతదాకా బాణీ స, రి, గ, ప, ద అని మెట్టు మెట్టుగా ఎక్కుతోంది. అక్కడ మిగతావన్నీ తప్పుకున్నాయి, వేణువు ఒక్కటే మిగిలింది, అది రిషభాన్ని (రి) వదిలేసి షడ్జం (స) నుంచి నేరుగా గాంధారానికి (గ) దూకింది. అంతే. ఆ ఒక్క దూకుడుకే నేను పాల సంగతి మరిచాను.

మాట్లాడే ముందు అడగండి

చెప్పేముందు మూడు సంగతులు తెలియాలి. ఇది ఎంతవరకు వచ్చిన పని? బొమ్మలో ఏది పట్టుకుంది? నా దగ్గర ఏం కావాలి?

మొదటిది అడగక ఒకసారి ఏమైందంటే, ఒక అమ్మాయికి ఫోన్‌లో నలభై నిమిషాలు ఆమె ట్రాకును ముక్కముక్కగా విప్పి చెప్పాను. చివర్లో ఆ పిల్ల నెమ్మదిగా, "మేడం, పోటీకి నిన్ననే పంపేశాను" అంది. పూర్తయిపోయినదానికి మరమ్మతు చెబితే మిగిలేది దిగులే. అలాంటప్పుడు నచ్చిన రెండు చోట్లు చెప్పి ఊరుకోవడం మర్యాద.

రెండోది అడగకపోవడం వల్ల జరిగింది అంతకంటే పెద్దది, ఇప్పటికీ గుచ్చుకుంటుంది. చాలా ఏళ్ల కిందట మా పిల్లల వార్షికోత్సవానికి ఒకమ్మాయి శ్రీకాళహస్తి కలంకారీ చూసి కట్టిన బాణీ వాయించింది. వయొలిన్ ఒక్కటే కాసేపు సన్నగా, ఏ అలంకారమూ లేకుండా నడిచింది. ఆగింది. మృదంగం చేరింది. మళ్లీ ఆగింది. ఇంకో వయొలిన్. మళ్లీ నిశ్శబ్దం. నేను మైకు పట్టుకుని, అందరి ముందూ, "ఇందులో కలంకారీ ఎక్కడుందమ్మా? మాటిమాటికీ ఆగిపోతోంది, కరెంటు పోయినట్టు" అన్నాను. హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి కూడా నవ్వింది. మళ్లీ ఎప్పుడూ సొంత బాణీ తేలేదు.

ఏడాది తర్వాత ఆమె స్నేహితురాలు చెప్పింది. ఆ పిల్ల శ్రీకాళహస్తి వెళ్లి పనివాళ్ల దగ్గర రెండు రోజులు కూర్చుందట. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. పాత ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన కసిమితో, వెదురు కలంతో నల్ల గీత గీస్తారు. తర్వాత పటిక, తర్వాత ఎరుపు, తర్వాత మిగతా రంగులు. రంగుకూ రంగుకూ మధ్య బట్టను ఉతకాలి, ఆరేదాకా ఆగాలి. ఆమె వాయించింది అదీ. మొదటి ఒంటరి వయొలిన్ నల్ల గీత. ఒక్కో వాద్యం ఒక్కో రంగు. నాకు కరెంటు కోతలా వినపడిన ఆ నిశ్శబ్దాలు ఉతుకుళ్లు.

ఆ నిశ్శబ్దాలు వినేవాళ్లకు ఉతుకుళ్లుగా తెలియాల్సిన పని లేదనుకోండి. అవి నిజంగానే కాస్త పొడుగయ్యాయి, ఆ మాట చెప్పాల్సిందే. కానీ "ఈ ఆగడాలు ఎందుకమ్మా?" అని ముందు అడిగి ఉంటే, ఎంతసేపు ఆగాలి అన్నదాని గురించి మేమిద్దరం ఒక గంట హాయిగా మాట్లాడుకునేవాళ్లం. అప్పటినుంచి నాకు అర్థం కానిదాన్ని తప్పు అనను. ముందు ప్రశ్నగా అడుగుతాను. ఇంకోటి, నలుగురిలో చెప్పేది మెచ్చుకోలు మాత్రమే, మిగతాదంతా విడిగా.

బొమ్మను ఎక్కడ చూశారో, ఏ సైజులో చూశారో కూడా అడగండి. రష్యా సంగీతకర్త రాఖ్‌మానినోవ్ సముద్రం మధ్య చనిపోయినవారి దీవిని చూపించే ఒక చిత్రం నుంచి పెద్ద ఆర్కెస్ట్రా బాణీ కట్టాడు. ఆయన 1907లో పారిస్‌లో చూసింది దాని నలుపు తెలుపు నకలు. అసలు రంగుల బొమ్మే ముందు చూసి ఉంటే బహుశా రాసేవాణ్ణే కాదని తర్వాత చెప్పుకున్నాడు. నకలు చూసి కట్టడం నేరమేమీ కాదు, మనం అసలును మనసులో పెట్టుకుని నకలు చూసినవాణ్ణి నిలదీయకూడదంతే.

మావాణ్ణి అడిగితే, చుట్టాలింట్లో గోడకున్న ఫ్రేములో చూశానన్నాడు. జానెడు బొమ్మ. పులి మీద భావనారుషి, మా నేతవాళ్ల మూలపురుషుడు. "ఏం పట్టుకుందిరా అందులో, పులేనా?" అన్నాను. "కాదత్తా, ఆ ఎరుపు. వెనకాల ఎరుపు."

నేను పులి అనే అనుకున్నాను. గర్జన అంత గట్టిగా పెట్టాక ఎవరైనా అదే అనుకుంటారు.

ఇప్పుడు బొమ్మను చూడండి, అది ఎలా తయారైందో చూడండి

బొమ్మలో ఏముందో అందరికీ కనపడుతుంది. సంగీతానికి ఎక్కువ అక్కరకొచ్చేది ఆ బొమ్మ ఎలా పుట్టింది, ఎలా వాడారు అన్నది. నాకు చేర్యాల పటం గురించి కాస్త తెలుసు, అదీ పుస్తకాల్లోంచి కాదు. మేం పద్మశాలీలం. మా అమ్మమ్మ ఊరికి కూనపులి వాళ్లు వచ్చి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. రాత్రి భోజనాలయ్యాక పటం వేలాడదీసి, దీపం పెట్టి, తాళాలు మోగిస్తూ కథ ఎత్తుకునేవాళ్లు. భావనారుషి తామర తూడు నారతో బట్ట నేసిన ఘట్టం రాగానే మగవాళ్లంతా సర్దుకుని కూర్చునేవాళ్లు, మా తాతల గురించి చెబుతున్నారన్నట్టు. కథ ముందుకు నడిచేకొద్దీ పటం కొంచెం కొంచెంగా విప్పుకునేది. తర్వాతి బొమ్మ ఏమిటో చూద్దామని నేను కింది చుట్ట లోపలికి తల దూర్చి చివాట్లు తిన్నాను.

కులానికో కథ, కథకో పటం. డక్కలి వాళ్లు మాదిగలకు జాంబపురాణం చెబుతారు, మందహెచ్చుల వాళ్లు గొల్లలకు కాటమరాజు కథ. ఈ పటాలు రాసేది నకాషీ కుటుంబాలు. జనగామ దాటి వెళితే వచ్చే చేర్యాలలో ఇప్పటికీ రాస్తున్నారు. ముతక నూలు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పేస్టు, చెట్టు బంక కలిపి పూతలు పూస్తారు. పాత పటాలు 3 అడుగుల వెడల్పు, 40 అడుగులు దాటిన పొడవు. గోడకు తగిలించే చిన్న ఫ్రేములు ఈ కాలానివి.

బట్ట ఆరాక కుంచెతో నేరుగా బొమ్మల గీత, ఆ వెంటనే వెనకంతా ఎరుపు. దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, నగలు, పూలు, చివర మళ్లీ నల్ల గీత, ఇవన్నీ ఆ ఎరుపు పడ్డాకే. ఒక ఘట్టానికీ ఇంకో ఘట్టానికీ మధ్య పూలతీగ అంచు ఉంటుంది. మనుషులకు నీడలుండవు. దూరం, దగ్గర అన్న తేడా ఉండదు, అందరూ ఒకే తలం మీద, పెద్ద పెద్ద కళ్లతో.

ఇది తెలిశాక కాగితం మీద నా ప్రశ్నలు మారిపోయాయి. ఎరుపు అన్నిటికంటే ముందు పడి, అన్నిటికంటే వెనక ఉండే రంగు కదా, మరి వాడి ఎరుపు ఐదో నిమిషంలో అన్నిటికంటే గట్టిగా ఎందుకుంది? పటం విప్పుకుంటుంది, చుట్టుకుంటుంది, మరి బాణీ ఎందుకు ఊరికే సన్నగిల్లి మాయమైంది? పటంలో నీడే లేదు, ట్రాకు నిండా గుడి మంటపంలో వాయించినంత రివర్బ్ (ప్రతిధ్వని) ఎందుకు?

ఈ మూడో ప్రశ్న రాసుకుని మురిసిపోయాను, తర్వాత కొట్టేశాను. తెలివైన మాట దొరికితే చెప్పేయాలని నోరు దురద పెడుతుంది. నీడ లేని బొమ్మకు ప్రతిధ్వని లేని సంగీతమే కట్టాలని ఎవరు చెప్పారు? సంగీతం నుంచి బొమ్మలు పుట్టించిన రాగమాల చిత్రకారులను చూడండి. తోడి రాగిణి అంటే వీణ పట్టుకున్న అమ్మాయి, చుట్టూ లేళ్లు. ఆ స్వరాల్లో లేడి ఎక్కడుంది? ఒక కళలోంచి ఇంకో కళలోకి దాటేటప్పుడు ఏదో ఒకటి వదిలేయాల్సిందే. ఏది వదలాలన్నది కట్టేవాడి ఇష్టం. వాడు పట్టుకున్నానన్నది ఏదో, అది మాత్రం బాణీలో వినపడుతోందా లేదా అని చూడటమే నా వంతు. వాడు పట్టుకున్నది ఎరుపు. నీడ గురించి వాడు మాటెత్తలేదు.

మూడు మాటలే

కాగితం మీద ఎనిమిది ఉన్నా మూడే చెప్పండి. నాలుగోదాని దగ్గర అవతలివాడు వినడం మానేసి తనను తాను సమర్థించుకోవడం మొదలుపెడతాడు. వాయిస్ మెసేజ్ కంటే ఫోన్ మేలు, ఎదురుగా కూర్చుంటే ఇంకా మేలు. ఫైలు తెరిచి పెట్టుకుని, ప్రతి మాటకూ నిమిషం, సెకను చెప్పండి. "మధ్యలో కొంచెం సాగింది" అంటే మధ్య ఎక్కడ? కొంచెం ఎంత?

మర్నాడు సాయంత్రం వాడికి ఫోన్ చేశాను.

"4:10 దగ్గర వేణువు షడ్జం నుంచి గాంధారానికి దూకింది చూడు, అక్కడ నేను కదల్లేదురా."

కాసేపు మాట లేదు. "అది పొరపాటున పడిందత్తా. తీసేద్దామనుకున్న."

"తీయకు."

మెచ్చుకోలు ముందు చెబితే తర్వాతి చేదు దిగుతుందని కొందరంటారు. నేను అందుకు చెప్పలేదు. చెప్పకపోతే వాడు దాన్ని నిజంగానే తీసేసేవాడు.

"3:05 దగ్గర గర్జన ఎందుకు పెట్టినవ్?"

"పులి ఉంది కదత్తా."

"పటంలో ఆ పులి అరుస్తోందా?"

ఫొటో తెరిచి చూస్తున్నాడని తెలుస్తోంది. "లేదు. ఆయన్ని మోస్తోంది."

అంతకుమించి నేనేం చెప్పలేదు. బొమ్మ మీద బాణీ కట్టేవాళ్లలో ఎక్కువమంది పడే గొయ్యి ఇదే. గుర్రం ఉంటే టకటక, వాన ఉంటే ఉరుము, కోడి ఉంటే కొక్కొరొకో. శబ్దం పెట్టగానే పనైపోయిందనిపిస్తుంది, నిజానికి అప్పటికి ఏమీ మొదలవలేదు. దాన్ని తీసెయ్యమని ఆర్డరేస్తే మొండికేస్తారు, బొమ్మను మళ్లీ చూడమంటే వాళ్లే చూసుకుంటారు.

మూడోది ఎరుపు. "నీకు పట్టింది ఎరుపు అన్నవ్. బాణీలో అది ఎక్కడుంది?"

"ఐదో నిమిషంల. అన్నీ కలిపి పెట్టిన."

"నాకు అక్కడ ఎరుపు వినపడలేదు, జాతర వినపడింది. పటంలో ఎరుపు ముందుకొచ్చి అరుస్తదా?"

"లేదు... వెనకుంటది. అంతటా ఉంటది."

ఆ "అంతటా" వాడి నోటివెంట వచ్చింది. నా నోట్లో తయారుగా ఉన్న మాట వేరు, "తంబుర పెట్టు". మొదటినుంచి చివరిదాకా కింద ఒక శృతి నడిపితే ఎరుపైపోతుంది, నేనైతే అలాగే చేస్తాను. కానీ ఆ "నేనైతే" దగ్గరే నాలుక కరుచుకోవాలి. అది మొదలైతే ఇక వాడి బాణీ ఉండదు, వాడి పేరుతో నా బాణీ ఉంటుంది. వయొలిన్ వాయించేవాళ్లకు ఈ జబ్బు మరీ ఎక్కువ. ఆ కీబోర్డు వయొలిన్ వింటుంటే నా చేతివేళ్లు తీగ మీద జారడానికి కొట్టుకున్నాయి. అడిగితే వాయించి పంపుతాను. వాడు అడగలేదు.

ఇంజినీరింగ్ పిల్లల ట్రాకుల్లో తరచూ కనపడే పనితనపు సంగతులు కొన్నుంటాయి. కీబోర్డులోని వయొలిన్‌తో గమకం పలకదు, పిచ్ బెండ్‌తో, అంటే స్వరాన్ని జార్చే మీటతో, కాస్త తేవచ్చు. సాఫ్ట్‌వేర్ చాలాసార్లు ప్రతి దెబ్బనూ తాళం లెక్కకు సరిగ్గా లాగి పెట్టేస్తుంది, అందుకే మనిషి వాయించినట్టుండదు. అదే వరుస అదే వాద్యం మీద పదిసార్లు దాటితే వినేవాడికి పాలు గుర్తొస్తాయి. ఇవన్నీ నిజమే, చెప్పాల్సినవే, కానీ అసలు ఆలోచన కుదిరాక. సగం గోడ కూలగొట్టాల్సి ఉంటే దానికి సున్నం గురించి ఎందుకు? ఏదైనా సినిమా పాట పోలిక తగిలితే మాత్రం దాచకండి. "ఎక్కడో విన్నట్టుంది" అని అనుమానం వదలకుండా, ఏ పాట, ఏ ముక్క, ఎన్నో సెకను అని చెప్పండి. వాళ్లకు తెలియకుండానే వచ్చి ఉంటుంది, ఊళ్లో నలుగురు అనేముందు మనం చెప్పడమే మేలు.

ఇంకోటి కూడా అడిగాను. ఆ పటం రాసిందెవరు? యూట్యూబ్‌లో పెడితే ఫొటో వాడతావు కదా, వాళ్లను అడిగావా, పేరు వేస్తావా? వాడు ఆలోచించలేదు. పటం వెనకవైపు చూస్తే కొన్నిసార్లు పేరుంటుంది, లేకపోతే కొన్నవాళ్లను అడగాలి.

రెండోసారి పంపినప్పుడు

రెండో వెర్షన్‌ను మనం చెప్పినవి చేశాడా లేదా అని టిక్కులు పెట్టుకుంటూ వినకూడదు. ఇది రాయడం తేలిక. పన్నెండు రోజుల తర్వాత ఫైలు రాగానే నేను చేసింది సరిగ్గా అదే, టిక్కులు.

గర్జన పోయింది. వేణువు దూకుడు ఉంది, దానికి ముందు కాస్త ఖాళీ కూడా ఇచ్చాడు, ఇంకా బాగా తెలుస్తోంది. ఎరుపు దగ్గర నాకు చిరాకేసింది. మొదటినుంచి చివరిదాకా శృతి లేదు. ఘట్టానికీ ఘట్టానికీ మధ్య, పటంలో పూలతీగ అంచు వచ్చే చోట్ల మాత్రమే, కింది స్థాయిలో ఒక బరువైన నాదం వచ్చి పోతోంది. అంచులో ఎరుపేమిటి, ఎరుపు అంతటా ఉంటుందని నువ్వే అన్నావు కదరా, అనుకున్నాను. మూడుసార్లు విన్నాక సగం ఒప్పుకున్నాను. బొమ్మలు పక్కకు తప్పుకున్నప్పుడే వెనకున్నది తెలుస్తుందని వాడి లెక్క కావచ్చు. మిగతా సగం ఇప్పటికీ ఒప్పుకోను, ఆ మాటే వాడికి చెప్పాను, సగం అనే చెప్పాను. వాడు మార్చలేదు.

చివర సన్నగిల్లడం తీసేశాడు. నేను ఆ మాట చెప్పనేలేదు, మూడింటిలో లేదు. ఇప్పుడు మొదట్లో వచ్చిన స్వరాలే వెనక నుంచి ముందుకు వచ్చి, టక్కున ఆగిపోతాయి. పటం చుట్టేసి దారం కట్టినట్టు.

ఇవన్నీ సరే. 3:48 దగ్గర ఇంకోటి జరిగింది. మొదటినుంచీ నడుస్తున్న మగ్గం ఉన్నట్టుండి ఆగిపోయింది. నాడె కొట్టుకునే చప్పుడు లేదు, పన్నె దెబ్బ లేదు. రెండు ఊపిర్లు పీల్చుకునేంతసేపు. మళ్లీ మొదలైంది. పాత వెర్షన్‌లో అది లేదు, నేనూ ఆ ఊసెత్తలేదు. ఫైలు పాడైందేమోనని ఇంకోసారి డౌన్‌లోడ్ చేసుకున్నాను. కాదు. కలంకారీ అమ్మాయి గుర్తొచ్చింది. అడగడమే మంచిదని రాశాను: "3:48 దగ్గర పోగు తెగిందా?"

పదకొండింటికి జవాబొచ్చింది. "అవునత్తా. నాయిన చెప్పిండు, తాత మగ్గం ఆగితే ఇంట్ల అందరికీ తెలిసేదంట."

తెలిసేది. చప్పుడు ఆగగానే వంటింట్లోంచి అమ్మ తల బయటకు పెట్టేది. నేనూ అన్నయ్యా చదువు ఆపేవాళ్లం. బాపు కళ్లు చికిలించి తెగిన పోగు వెతికి, వేళ్ల మధ్య నలిపి అతికేవాడు, అంతదాకా ఇల్లంతా ఊరికే ఉండేది.

"రెండు ఊపిర్లు చాలవురా" అని రాశాను. "పోగు అతకడానికి ఇంకాస్త పడుతది."